ఉప్పల్ ఎండకు నిలిచే నిమ్మ ఉండ

పేరేమో లెమన్ ట్రఫుల్. పుట్టిల్లేమో ఐరోపా. ఓవెన్ అక్కర్లేదు, గుడ్డు వెయ్యరు. అందుకే హైదరాబాద్ తూర్పు కాలనీల వంటిళ్లలోకి సులువుగా వచ్చేసింది. రావడమైతే వచ్చింది కానీ ఉప్పల్ ఎండను తట్టుకోవడానికీ, మన నిమ్మకాయతో కుదురుకోవడానికీ దాని రూపమే మార్చుకోవాల్సి వచ్చింది. చివరికి మన కొబ్బరి ఉండకు చెల్లెలైంది!

నాగోలులో మెట్రో రైలెక్కి తార్నాక వైపు వెళ్తుంటే వరసగా ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ స్టేషన్లు వస్తాయి. 2017 నవంబరులో ఈ దారిలో మెట్రో మొదలైంది. ప్రయాణం కాసేపే. ఆ కాసేపట్లోనే కిటికీలోంచి రకరకాల ఊళ్లు కనిపిస్తాయి. ముందు ఉప్పల్ రింగురోడ్డు... వరంగల్, యాదగిరిగుట్ట బస్సుల కోసం సంచులు పట్టుకుని నిలబడ్డ జనం. తర్వాత క్రికెట్ స్టేడియం. ఆ పక్కనే చెట్ల చాటున పరిశోధన సంస్థల ప్రహరీగోడలు. హబ్సిగూడలో దిగి కుడివైపు తిరిగితే నాచారం దారి. పారిశ్రామికవాడ, రేకుల షెడ్లు, గోదాములు, వాటి మధ్యనే అపార్టుమెంట్లు.

ఉప్పల్‌లో మూసీ వైపున్న ప్రాంతాన్ని ఇప్పటికీ ఉప్పల్ బాగాయత్ అంటారు. బాగాయత్ అంటే తోటల భూమి. ఇప్పుడక్కడున్నవి హెచ్‌ఎండీఏ ప్లాట్లు. తోట పోయినా పేరు మిగిలింది. నాచారంలోనూ అలాంటి పేరొకటుంది. 1970ల్లో ఎన్టీఆర్ ఇక్కడ కట్టించిన స్టూడియో పేరు రామకృష్ణా హార్టికల్చరల్ సినీ స్టూడియోస్. 1977 సంక్రాంతికి విడుదలైన ‘దాన వీర శూర కర్ణ’ ఇక్కడే తీశారు. సినిమా స్టూడియో పేరులో తోటల పెంపకం చోటుచేసుకోవడం చిత్రమే కదూ!

తోటలు తరిగినా ఈ దారిలో నిమ్మకాయకు మాత్రం కొదవలేదు. రింగురోడ్డు దగ్గర తోపుడుబండ్ల మీద గుట్టలుగా ఉంటుంది. మ్యాచ్ ఉన్న రోజు స్టేడియం చుట్టుపక్కల నిమ్మసోడా అయి బుస్సుమంటుంది. దుకాణాల గుమ్మాలకు మిరపకాయలతో కలిసి వేలాడుతుంది. ఆషాఢంలో బోనాలప్పుడు అమ్మవారి మెడలో దండవుతుంది. దసరా ముందు ఆయుధపూజ నాడు నాచారం, మల్లాపూర్ షెడ్లలో యంత్రాల ముందు కూర్చుంటుంది, కొత్త వ్యాను చక్రం కింద చిట్లుతుంది. ఇన్ని అవతారాలెత్తిన నిమ్మకాయ ఇప్పుడు చాక్లెట్ డబ్బాలోకీ చేరింది.

నిప్పులేని వంటతో మొదలు

బడిపిల్లలున్న ఇళ్లలో ఈ మిఠాయికి దారి చూపిస్తున్నది చాలావరకు ఓ పోటీ. ‘నిప్పు లేకుండా వంట’ అని బడుల్లో పెడుతుంటారు. పండ్ల ముక్కలు, భేల్‌పురి, బ్రెడ్ శాండ్‌విచ్... ఏటా అవే. కొత్తగా ఏదైనా చెప్పమని పిల్లలు వేధిస్తారు. అప్పుడు అమ్మలకు గుర్తొచ్చేది బిస్కెట్ల పొడి, డబ్బాపాలు. రెండూ కలిపి ఉండ చుడితే తియ్యగా, మరీ తియ్యగా ఉంటుంది. ఆ తీపి విరగ్గొట్టడానికి నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే రుచే మారిపోతుంది. అలా పోటీకి వెళ్లిన ఉండ పుట్టినరోజులకూ, ఇంటికొచ్చిన చుట్టాల ముందుకూ వస్తుంది.

ఓవెన్ అక్కర్లేకపోవడం ఇక్కడ చిన్న సంగతి కాదు. ఉప్పల్, రామంతాపూర్, నాచారం, మల్లాపూర్‌లలో ఉద్యోగాల కోసం జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు ఎందరో. అద్దె పోర్షన్‌లో రెండు గదులు, సన్నటి వంటగట్టు. మిక్సీ, గ్యాస్ పొయ్యి పెట్టాక ఓవెన్‌కు చోటెక్కడిది? పైగా వేసవి మధ్యాహ్నం 180 డిగ్రీల ఓవెన్ పక్కన నిలబడాలని ఎవరికుంటుంది! ఇక గుడ్డు సంగతి సరేసరి. శనివారాలు, కార్తీకమాసాలు పాటించే ఇళ్లలో కేకు ముక్క తినేముందు ‘ఇందులో గుడ్డుందా?’ అన్న ప్రశ్న తప్పదు. ఈ ఉండకు ఆ అనుమానమే లేదు.

ట్రఫుల్ అంటే ఉండే!

పేరు చూసి బెదరక్కర్లేదు. ట్రఫుల్ అసలు మిఠాయి కాదు. నేలలో చెట్ల వేళ్ల దగ్గర పెరిగే పుట్టగొడుగుల జాతి. ఫ్రాన్స్, ఇటలీలలో కుక్కలతో వాసన పట్టించి తవ్వి తీస్తారు. చాలా ఖరీదు. మట్టి అంటుకున్న ఆ నల్లటి గడ్డలాగే ఉంటుందని, కోకో పొడిలో దొర్లించిన చాక్లెట్ ఉండకు ఆ పేరు పెట్టారు. చాక్లెట్‌నూ క్రీమునూ కలిపి, చల్లార్చి, గట్టిపడ్డాక చేత్తో చుట్టడమే అందులోని పని. తెల్ల చాక్లెట్ తీసుకుని నిమ్మ చేరిస్తే లెమన్ ట్రఫుల్.

చేత్తో చుట్టడం మనకు కొత్తా? సున్నుండ, నువ్వుల ఉండ, మరమరాల ఉండ, కొబ్బరి ఉండ... తెలుగింటి తీపిలో సగం అరచేతిలోనే తయారవుతుంది. చలిమిడికైతే పచ్చిగా కలిపితే పొయ్యే అక్కర్లేదు. పిండి ఎంత తడిగా ఉండాలో, నెయ్యి ఎప్పుడు చాలో అమ్మమ్మలు కొలత గిన్నెతో చెప్పరు. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వదిలితే రాలకూడదు, వేలికి అంటకూడదు. విదేశీ వంటల పుస్తకం ఓ పేజీ నిండా రాసే లక్షణాలివే. సున్నుండ చుట్టడం వచ్చినవారికి ట్రఫుల్ సగం వచ్చినట్టే.

ఆ నిమ్మ వేరు, మన నిమ్మ వేరు

మిగతా సగం దగ్గరే తంటా. విదేశీ వంటకాల్లో ‘ఒక నిమ్మకాయ తొక్క తురుము’ అని ఉంటుంది. ఉప్పల్ బండి మీది కాయను అలాగే తురిమితే చారెడు కూడా రాదు, వచ్చింది చేదెక్కుతుంది. కారణం... వాళ్ల నిమ్మ వేరు. ఐరోపా, అమెరికాల్లో వాడేది పసుపురంగు పెద్దకాయ. దాని తొక్క మందం. మన సంతలో దొరికేది కాగజీ నిమ్మ. కాగజీ అంటే కాగితంలాంటిదని. ఆ పేరు తొక్కను చూసి పెట్టిందే. చిన్నకాయ, పల్చటి తోలు, ఘాటైన పులుపు. కొంచెం గట్టిగా తురిమితే పైపొర దాటి కింద ఉన్న తెల్లటి పొర వచ్చేస్తుంది. చేదంతా అందులోనే.

నిమ్మ వాసనంతా తొక్క పైపొరలోని సన్నటి నూనె తిత్తుల్లో ఉంటుంది. పులుపంతా రసంలో ఉంటుంది. ట్రఫుల్‌కు కావలసింది ముందు వాసన, తర్వాతే పులుపు. రసం పెంచితే ఉండ జారిపోతుంది. కాబట్టి ఒక కాయకు బదులు నాలుగైదు కాయలు తీసుకుని, సన్న రంధ్రాల తురిమేప్లేటు మీద ఒక్కోచోట ఒక్కసారే, తేలిగ్గా రుద్దాలి. ఆ తురుమును పంచదారలో వేసి వేళ్లతో నలిపితే నూనె బయటికొచ్చి పంచదారంతా గుప్పుమంటుంది. పెరట్లో దబ్బచెట్టున్నవారిదే అదృష్టం. దబ్బకాయ తొక్క మందంగా, సువాసనగా ఉంటుంది. పులిహోరకు పనికొచ్చిన కాయ ట్రఫుల్‌కు పనికిరాదా?

చిక్కు మరొకటుంది. పిల్లలకు సెలవులిచ్చేది వేసవిలో. నిమ్మకాయ కొండెక్కేదీ అప్పుడే. చెట్టుకు సహజంగా ఎక్కువ కాపు వానాకాలంలో వస్తుంది. ఎండాకాలం కాపు తక్కువ, సోడా బండి నుంచి పెళ్లి భోజనం దాకా గిరాకీ ఎక్కువ. 2022 ఏప్రిల్‌లో దేశంలో చాలాచోట్ల కిలో నిమ్మకాయలు 200 రూపాయలు దాటాయి. నల్గొండ జిల్లా నకిరేకల్ నుంచి ఏపీలోని గూడూరు, తెనాలి, ఏలూరు దాకా నిమ్మ మార్కెట్లన్నీ ఎదురుచూసేది ఈ వేసవి ధర కోసమే. రైతుకు అది న్యాయమే కానీ, వంటింట్లో ట్రఫుల్ చుట్టేవారికి భారమే.

దీనికి ఇల్లాళ్ల దగ్గర ఉపాయం ఉంది. ఆషాఢ, శ్రావణాల్లో కాయలు చవగ్గా దొరికినప్పుడు ముందే తొక్క తురిమి, పంచదారలో కలిపి సీసాకెత్తి ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో పెట్టేయడం. రసాన్ని ఐసుముక్కల ట్రేలో పోసి గడ్డకట్టించి, ఆ ముక్కల్ని మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచడం. ఏడాది పచ్చళ్లు పెట్టుకునే ఇళ్లకు ఈ ముందుచూపు ఒకరు నేర్పాలా!

పాలు విరగవా?

‘పాలల్లో నిమ్మరసం పిండితే విరిగిపోవూ?’ మొదటిసారి వినేవారు వేసే ప్రశ్న ఇది. వెయ్యాల్సిన ప్రశ్నే. మామూలు పాలు తప్పక విరుగుతాయి. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం తగలగానే పాలలోని కేసిన్ అనే మాంసకృత్తి ముద్దలు కట్టి నీటి నుంచి విడిపోతుంది. ఆ విరగడాన్నే వరంగా మార్చుకున్నవి రసగుల్లా, కలాకండ్. డబ్బాపాల సంగతి వేరు. అందులో నీళ్లు తక్కువ, పంచదార ఎక్కువ, మాంసకృత్తులు చిక్కగా ఉంటాయి. నిమ్మరసం పడగానే కేసిన్ చిక్కబడుతుంది కానీ నీళ్లు విడవదు. కలుపుతుండగానే జున్నులా బిగుస్తుంది. ఓవెన్ లేకుండానే ఈ ఉండ గట్టిపడటంలోని కిటుకు అదే.

డబ్బా కొనకుండా ఇంట్లోనే చేసుకునేవారూ ఉన్నారు. లీటరు గేదెపాలలో 200 గ్రాముల పంచదార వేసి, సన్నటి సెగ మీద అడుగంటకుండా మూడో వంతుకు మరిగిస్తే చాలు. ఆవుపాల కన్నా గేదెపాలలో వెన్న ఎక్కువ కాబట్టి ఇంటిపాలతో చేసిన ఉండ మరింత కమ్మగా వస్తుంది. పాల ముచ్చట ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. నగరానికి దశాబ్దాల పాటు పాలు పంచిన విజయ డెయిరీ ఉన్న లాలాపేట నాచారానికి ఆనుకునే ఉంటుంది. 1950లో మైసూరులో మొదలైన ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ హైదరాబాద్ కేంద్రం హబ్సిగూడలో ఉంది. గేదెపాలతో పసిపిల్లల ఆహారం తయారుచేసే పద్ధతిని రూపొందించిన సంస్థ అది.

తెల్ల చాక్లెట్‌తో చేసేటప్పుడు మాత్రం జాగ్రత్త పడాలి. క్రీము వేడిగా ఉండగా నిమ్మరసం పోస్తే విరుగుతుంది. గోరువెచ్చగా అయ్యాకే, చివర్లో, చుక్కచుక్కగా కలపాలి. ఇంకోటి... చాక్లెట్ కరిగించే గిన్నెకు, గరిటెకు తడి ఉండకూడదు. కాసిని నీటిచుక్కలు పడినా చాక్లెట్ ఇసకలా పలుకులెక్కి బిగుసుకుపోతుంది. క్రీము కలిశాకయితే ఆ భయం ఉండదు. ఈ కాలనీల్లో ఈ సూత్రం ఎవరికైనా ఒక్క మాటలో చెప్పొచ్చు... ఆవకాయ జాడీకి ఏ నియమమో తెల్ల చాక్లెట్ గిన్నెకూ అదే నియమం!

34 డిగ్రీల గండం

అసలు పరీక్ష ఎండ దగ్గర. తెల్ల చాక్లెట్‌కు ప్రాణం కోకో గింజ నుంచి తీసిన వెన్న. ఆ వెన్న 30 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, 34 దగ్గరకొచ్చేసరికి కరిగిపోతుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. నోట్లో పెట్టుకోగానే చాక్లెట్ కరిగేది అందుకే. చల్లటి దేశాల్లో గది గట్టు మీద పెట్టినా నిలిచే ట్రఫుల్, మే నెలలో 40 డిగ్రీలు దాటే హైదరాబాద్‌లో ఫ్రిజ్ నుంచి తీసిన కాసేపటికే చదునైపోతుంది.

ఇంట్లో తినేందుకైతే ఇది పెద్ద సమస్య కాదు. పంపాల్సి వచ్చినప్పుడే గుండె దడ. స్కూటర్ డిక్కీ ఎండలో పెనంలా కాలుతుంది. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి నడిచాయి. ఆ దుమ్ములో, ట్రాఫిక్‌లో ఇరుక్కున్న చాక్లెట్ డబ్బా చేరేసరికి ఏమయ్యుంటుందో వేరే చెప్పాలా? 2005 నవంబరు 16న భారత్, దక్షిణాఫ్రికాల వన్డేతో ఉప్పల్ స్టేడియంలో అంతర్జాతీయ మ్యాచ్‌లు మొదలయ్యాయి. ఐపీఎల్ వచ్చాక సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లో, సాయంత్రాలు ఆ దారి జనసముద్రమే. అలాంటి రోజున హబ్సిగూడ నుంచి ఉప్పల్‌కు పుట్టినరోజు డబ్బా పంపడమంటే సాహసమే!

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, కోకో వెన్న బదులు వేరే నూనెలతో చేసిన ‘కాంపౌండ్’ వాడటం. బేగంబజార్ లాంటి చోట్ల దిమ్మలుగా దొరుకుతుంది. చవక, ఎండకు కాస్త నిలుస్తుంది. నోట్లో మాత్రం అంత హాయిగా కరగదు, అంగిట్లో జిడ్డు మిగులుతుంది. కొనేటప్పుడు రేపరు మీద చూస్తే తేడా తెలిసిపోతుంది. కోకో బటర్ అని ఉంటే అసలుది. హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే కాంపౌండ్. అది వాడటం తప్పు కాదు. అది వాడి చాక్లెట్ అని చెప్పి, చాక్లెట్ ధర తీసుకోవడమే తప్పు.

రెండోది, చాక్లెట్‌నే పక్కన పెట్టేయడం. బిస్కెట్ల పొడి, ఎండుకొబ్బరి, డబ్బాపాలు, కొంచెం వెన్న, నిమ్మ. బిస్కెట్ పొడి తడిని పీల్చుకుని ఉండను నిలబెడుతుంది. కొబ్బరి నములుడునిస్తుంది. ఎండకు వెన్న కాస్త మెత్తబడినా ఆకారం చెడదు. ఫ్రాన్స్ వంటవాళ్లు చూస్తే ఇది ట్రఫులే కాదంటారేమో! అననీయండి. మే నెల మధ్యాహ్నం ఉప్పల్‌లో నిలిచేది ఇదే.

చేతి కష్టానికి వెల ఎంత?

ఇంట్లో చుట్టిన ఉండ పక్కింటికి వెళ్తుంది. పక్కింటివారు తమ బాబు పుట్టినరోజుకు యాభై చేసిపెట్టమంటారు. ‘డబ్బులెందుకులే వదినా’ అంటూనే రెండోసారికి సామాన్ల ఖర్చు తీసుకోవడం మొదలవుతుంది. చాలా ఇళ్లలో వ్యాపారం ఇలా చెప్పాపెట్టకుండా గడప ఎక్కుతుంది. పిల్లల్ని వదిలి ఉద్యోగానికి వెళ్లలేని తల్లులకు అది చిన్న ఆసరా. స్కూలు వ్యాను ఫీజో, గ్యాసు బండో దాంతో గట్టెక్కితే ఆ తృప్తి వేరు.

కానీ లెక్క దగ్గరే చాలామంది నష్టపోతారు. బిస్కెట్లు, డబ్బాపాలు, వెన్న, నిమ్మకాయలు... ఇవి రాసుకుంటారు. చిన్న కాగితపు కప్పులు, డబ్బా, రిబ్బను కొందరే రాసుకుంటారు. ఫ్రిజ్ కరెంటు, డెలివరీ ఖర్చు రాసేవారు ఇంకా తక్కువ. చిట్లిన ఉండలు, పిల్లలు మధ్యలో తినేసినవి ఎవరూ రాయరు. అన్నిటికంటే ముఖ్యం... యాభై ఉండలు చుట్టడానికి పట్టిన రెండు మూడు గంటల పని. ఆ గంటలకు వెల కట్టకపోతే వచ్చిందంతా లాభంలాగే కనిపిస్తుంది, ఏడాది తిరిగాక చేతిలో ఏమీ మిగలదు. ధర చెప్పేముందు ఆ గంటల్ని కూడా కాగితం మీద పెట్టడం, వేసవిలో నిమ్మ ధరను బట్టి రేటు మార్చడం మొహమాటపడాల్సిన విషయాలేం కావు.

అమ్మడం మొదలుపెట్టాక ఆటకు నియమాలు కూడా మారతాయి. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చి, 2011 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. ఇంటి వంటింట్లో చేసి అమ్మేవారు కూడా ఆ చట్టం కింద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు చేయించుకోవాలి. 14 అంకెల సంఖ్య ఇస్తారు. డబ్బా మీద ఏమేం కలిశాయి, ఎప్పుడు చేశారు, ఎప్పటిలోగా తినాలి అన్నవి రాయడం అలవాటు చేసుకోవాలి. పాలు, గోధుమ పడనివారు ఉంటారు కాబట్టి ఆ సంగతి తప్పక చెప్పాలి. అన్నట్టు, హోటళ్లలో, దుకాణాల్లో అధికారులు పట్టిన నమూనాల్ని పరీక్షించే రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఉన్నది మరెక్కడో కాదు... నాచారంలోనే!

తీపికీ ఓ హద్దు

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో తమిళనాట కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా పుట్టి, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఏ తిండిలో ఏముందో దేశానికి లెక్కలు చెప్పే సంస్థ పొరుగున ఉండగా ఈ ఉండ లెక్క కూడా చూడటం న్యాయం. డబ్బాపాలలో నూటికి 40 పాళ్లకు పైగా కలిపిన పంచదారే. బిస్కెట్లలోదీ కలిపితే మనం చుట్టే ఒక్కో ఉండలో సుమారు 5 గ్రాములు, అంటే ఓ చెంచాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం పెద్దవారు రోజుకు 25 గ్రాముల లోపు ఉంచుకోగలిగితే మంచిది. మధ్యాహ్నం మూడు ఉండలు తిని, సాయంత్రం తీపి టీలు రెండు తాగితే ఆ హద్దు దగ్గరపడినట్టే.

నిమ్మ ఉంది కదా, ఆరోగ్యమే అనుకోవద్దు. పులుపు తీపిని కనపడనివ్వదు, తగ్గించదు. అందుకే ఉండ చిన్నదిగా చుట్టడం, పైన పంచదార పొడికి బదులు కొబ్బరి పొడి అద్దడం మేలు. మధుమేహం ఉన్న ఇంట్లో అయితే ఎదుటివారు తింటుంటే చూసి ఆనందించడమే!

ఇలా చేద్దాం!

కావలసినవి (సుమారు 25 ఉండలకు): మారీ బిస్కెట్లు 200 గ్రాములు, డబ్బాపాలు 160 గ్రాములు, ఉప్పులేని వెన్న 40 గ్రాములు, ఎండుకొబ్బరి పొడి 60 గ్రాములు, అద్దడానికి మరికొంత, నిమ్మకాయలు 4 లేక 5, చిటికెడు ఉప్పు.

తయారీ: నిమ్మకాయల్ని గోరువెచ్చటి ఉప్పునీళ్లలో కడిగి, తడి లేకుండా తుడవాలి. ముందు తొక్క తురుముకోవాలి. కోసి రసం పిండాక తొక్క తురమడం కష్టం. ఆకుపచ్చ, పసుపు పైపొర వరకే తియ్యాలి. తర్వాత గింజలు లేకుండా నాలుగు చెంచాల రసం తీసి పక్కన పెట్టాలి.

బిస్కెట్లను మిక్సీలో రవ్వలా పొడి చేసుకోవాలి. మరీ మెత్తగా చేస్తే ఉండ పిండిముద్దలా ఉంటుంది. అందులో కొబ్బరి పొడి, ఉప్పు కలపాలి. స్టీలు లేదా గాజు గిన్నెలో కరిగించి చల్లార్చిన వెన్న, డబ్బాపాలు, తొక్క తురుము కలిపి, నిమ్మరసం కొద్దికొద్దిగా పోస్తూ గరిటెతో తిప్పాలి. మిశ్రమం చిక్కబడటం కంటికే తెలుస్తుంది. దీన్ని బిస్కెట్ పొడిలో వేసి చేత్తో కలిపి, మూతపెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. బయటికి తీసి పెద్ద ఉసిరికాయంత ఉండలు చుట్టి, కొబ్బరి పొడిలో దొర్లించాలి. మళ్లీ గంటసేపు ఫ్రిజ్‌లో పెడితే బిగుస్తాయి.

తెల్ల చాక్లెట్‌తో అయితే: 225 గ్రాముల చాక్లెట్‌ను సన్నగా తరిగి, 60 మిల్లీలీటర్ల క్రీము, 30 గ్రాముల వెన్న వేడిచేసి దానిపై పోయాలి. రెండు నిమిషాలాగి నున్నగా అయ్యేదాకా కలపాలి. తొక్క తురుము వేసి, గోరువెచ్చగా అయ్యాక మూడు చెంచాల నిమ్మరసం చుక్కచుక్కగా కలపాలి. నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, చేతులు చల్లటి నీళ్లతో కడిగి తుడుచుకుని త్వరత్వరగా చుట్టాలి. ఇవి ఫ్రిజ్‌లోంచి నేరుగా పళ్లెంలోకే రావాలి.

గుర్తుంచుకోండి: పులుపు తగిలే పని కాబట్టి కళాయి లేని ఇత్తడి గిన్నెలు, అల్యూమినియం గిన్నెలు వద్దు. ముద్ద జారుగా ఉంటే రెండు బిస్కెట్లు పొడి చేసి కలపండి. రాలిపోతుంటే చెంచాడు డబ్బాపాలు చాలు. బిస్కెట్ ఉండలు ఫ్రిజ్‌లో వారం దాకా, క్రీము కలిసినవి నాలుగైదు రోజులు బాగుంటాయి. డబ్బాకు మూత మాత్రం గట్టిగా పెట్టండి. పక్కనే వెల్లుల్లి ముద్దో, ఇంగువ పోపు వేసిన పప్పో ఉందంటే వెన్న ఆ వాసన ఇట్టే పట్టేస్తుంది!